థామస్ మిడ్గ్లీ జీవితం, పాత కారు చెప్పే పాఠం

విశాఖపట్నంలో సింధియా నుండి గాజువాకకు పోయే దారిలో మల్కాపురం ఉన్నది. ఆ పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది చమురుశుద్ధి కర్మాగారమే. 1957లో కాల్టెక్స్ సంస్థ నెలకొల్పిన ఆ కర్మాగారం 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైనది. ఆ ప్రాంతంలోనే, గాజువాక ఆటోనగర్ వరకు, మోటారు మరమ్మతు షెడ్లు అనేకం కనిపిస్తాయి. వేసవి రాగానే పాత కార్ల యజమానులు ఆ షెడ్లకు చేరుకొని, ఏసీ చల్లబరచడం లేదనీ, కాస్త గ్యాస్ పట్టించమనీ మేస్త్రీలను అడుగుతూ ఉంటారు. సముద్రపు తేమతో ఉక్కపోత పోసే మన ఊరిలో అది సహజమైన కోరికే.

కారును నడిపించే పెట్రోలు, కారులో కూర్చున్నవానిని సేదదీర్చే చల్లగాలి అనే ఈ రెండింటి చరిత్రలోనూ ఒకే మనిషి పేరు వినవస్తుంది. ఆయన అమెరికా దేశీయుడైన థామస్ మిడ్గ్లీ. బ్రతికి ఉన్నంత కాలం ఆయనను లోకం నెత్తిన పెట్టుకొన్నది. మరణించిన మూడు నాలుగు దశాబ్దాలకు అదే లోకం ఆయన రెండు కానుకలనూ వదిలించుకొనుటకు చట్టాలు చేసుకొనవలసి వచ్చినది. శాస్త్రం చదువుకొనే విద్యార్థులకు ఇంతకంటె ఆలోచింపజేసే జీవితం మరొకటి అరుదు. అందుచేత ఆ జీవితాన్ని, దానితోపాటు పాత కారు ఏసీని కాపాడుకొనే పద్ధతిని, మా పాఠకుల ముందుంచడానికి పూనుకొన్నాము.

మిడ్గ్లీ 1889 మే 18వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి మోటారు టైర్ల విషయంలో కొత్త పరికరాలు కల్పించినవాడు. తల్లి తండ్రి రంపపు పళ్ళ నిర్మాణంలో పేరెన్నిక గన్నవాడు. ఇట్లు కల్పనాశక్తి ఆయనకు ఇరువైపుల నుండి వారసత్వంగా వచ్చినది. ఓహియో రాష్ట్రపు కొలంబస్‌లో పెరిగి, 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి మెకానికల్ ఇంజనీరుగా పట్టం పుచ్చుకొన్నాడు. ఆయన పట్టభద్రుడైనది రసాయన శాస్త్రంలో కాదనే సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. తరువాతి కాలంలో ఆయనకు కీర్తి తెచ్చిన రసాయన విద్య అంతా స్వయంకృషితో ఆర్జించినదే.

1916లో ఆయన డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ అనే ప్రసిద్ధ ఇంజనీరు ప్రయోగశాలలో చేరినాడు. కారును చేతితో తిప్పనవసరం లేకుండా మీట నొక్కితే కదిలించే సెల్ఫ్ స్టార్టర్‌ను కల్పించినవాడే ఈ కెటరింగ్. కొంతకాలానికి ఆ ప్రయోగశాల జనరల్ మోటార్స్ కంపెనీలో భాగమైనది. అప్పటి ఇంజన్లను పట్టి పీడిస్తున్న జాడ్యం ఒకటి ఉండేది. బరువు పడినప్పుడు ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు వచ్చేది. దానినే మన మేస్త్రీలు నాకింగ్ అంటారు. పెట్రోలు ఆవిరి సవ్యంగా మండక, సిలిండరులో ఒక మూల తనంతట తాను పేలిపోవుటే దానికి కారణం. ఆ జాడ్యం పోనిదే ఇంజన్ల శక్తిని పెంచుట సాధ్యం కాదు. ఆ పనిని కెటరింగ్ మిడ్గ్లీకి అప్పగించినాడు.

ఆ అన్వేషణ ప్రారంభమైన తీరు వినోదకరమైనది. మంచు పూర్తిగా కరగకముందే పూచే ఒక అడవి మొక్క ఆకులు ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు రంగు వేడిని త్వరగా పీల్చుకొంటున్నదేమో, ఇంధనానికి ఎరుపు రంగు కలిపితే అదికూడ త్వరగా ఆవిరియై సక్రమంగా మండునేమో అని వారు ఊహించినారు. ప్రయోగశాలలో ఎరుపు రంగు దొరకక మిడ్గ్లీ అయొడిన్ కలిపి చూచినాడు. చప్పుడు తగ్గినది! తరువాత నిజమైన ఎరుపు రంగులు తెప్పించి కలిపితే ప్రయోజనం కనిపించలేదు. గుణం రంగులో లేదు, అయొడిన్‌లోనే ఉన్నదని తేలినది. ఊహ తప్పైనను ఫలితం దొరికినది. తప్పుడు ఊహను పట్టుకొని వ్రేలాడక, దానిని పరీక్షించి విడిచిపెట్టగలిగిన ఈ గుణమే పరిశోధకునికి అలంకారం.

అయొడిన్ ఖరీదైనది, ఇంజనుకు తుప్పు పట్టించేది. కనుక అన్వేషణ అయిదేండ్ల పాటు సాగినది. వందలకొద్దీ పదార్థాలను పరీక్షించినారు. టెల్లూరియం సమ్మేళనం బాగా పనిచేసినది గాని, దాని దుర్గంధం ఎన్ని స్నానాలు చేసినా ఒంటిని వదలలేదు. చివరకు మూలకాల పట్టికను ఎదుట పెట్టుకొని, ఏ వరుసలో గుణం పెరుగుతున్నదో చూచుకొంటూ మిడ్గ్లీ సీసం వరకు వచ్చినాడు. 1921 డిసెంబరు 9వ తేదీన టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని ఇంజనులో పరీక్షించినాడు. వెయ్యి వంతులకు మించిన పెట్రోలులో ఒక వంతు కలిపినా ఇంజను నిశ్శబ్దంగా నడిచినది. 1923 ఫిబ్రవరిలో డేటన్ నగరంలోని ఒక బంకులో ఆ పెట్రోలు మొదటిసారి అమ్మకానికి వచ్చినది. దానికి పెట్టిన వ్యాపారనామం ఇథైల్. ఆ పేరులో సీసమనే మాట లేకపోవడం గమనింపదగిన విషయం.

సీసం విషమని లోకానికి ఆనాడు తెలియనిది కాదు. ప్రాచీన కాలం నుండి వైద్యులు చెబుతూనే వచ్చినారు. మిడ్గ్లీకి అది స్వానుభవమే. 1923 ఆరంభంలో సీసపు విషప్రభావం వల్లనే ఆయన పని మానుకొని ఫ్లారిడాకు వెళ్ళి విశ్రాంతి తీసుకొనవలసి వచ్చినది. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేవే కర్మాగారంలో ఈ ద్రవాన్ని తయారుచేస్తున్న కార్మికులు మతిచలించినట్లు ప్రవర్తించసాగినారు. కొద్ది దినాలలోనే అయిదుగురు మరణించినారు, ముప్పదిమందికి పైగా ఆసుపత్రి పాలైనారు. న్యూయార్క్ నగరం ఆ పెట్రోలు అమ్మకాన్ని నిషేధించినది. ఆ నెల 30వ తేదీన మిడ్గ్లీ పత్రికల వారిని సమావేశపరచి, వారి కళ్ళెదుట ఆ ద్రవంతో చేతులు కడుగుకొని, సీసాను ముక్కు దగ్గర పెట్టుకొని ఒక నిమిషం పాటు ఆవిరి పీల్చి చూపినాడు. భయపడవలసినది ఏమీ లేదని నిరూపించుట ఆయన ఉద్దేశం.

1925లో అమెరికా ప్రభుత్వం ఒక సదస్సు జరిపించినది. అమ్మకాన్ని కొంతకాలం ఆపివేసినారు. పారిశ్రామిక వ్యాధుల నిపుణురాలు ఆలిస్ హామిల్టన్ వంటివారు ఈ విషాన్ని వీధులలోనికి వదలవద్దని గట్టిగా హెచ్చరించినారు. అయినను 1926లో అమ్మకం తిరిగి మొదలైనది. పెట్రోలులో మద్యసారం, అనగా ఇథనాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్గ్లీ బృందానికి ముందే తెలియును. కాని ఎవరైనను కాచుకోగల మద్యసారం మీద ఒక కంపెనీకి గుత్తాధికారం లభించదు. సీసపు సమ్మేళనం మీద పేటెంటు ఉన్నది. లాభనష్టాల త్రాసులో జనుల ఆరోగ్యం తేలిపోయినది. ఆయన నాడు ప్రక్కన పెట్టిన ఇథనాల్‌నే 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతం వరకు కలుపుతున్నారంటే కాలచక్రం ఎట్లు తిరుగుతుందో ఊహించవచ్చును.

ఇక రెండవ కానుకను చూతము. 1920లలో ఇండ్లలో వాడే శీతలయంత్రాలు అమెరికాలో అప్పుడప్పుడే వ్యాపిస్తున్నవి. వాటిలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి వాయువులను వాడేవారు. అవి విషపూరితాలు, కొన్ని మండేవి కూడ. రాత్రివేళ గొట్టం చీలి వాయువు బయటికి వస్తే నిద్రలోనే ప్రాణాలు పోయిన కుటుంబాలు ఉన్నవి. అమ్మోనియా నేటికీ మన దేశంలోని మంచు కర్మాగారాలలో, శీతల గిడ్డంగులలో వాడుకలో ఉన్నది. అది లీకయితే కళ్ళు, గొంతు ఎట్లు మండునో ఆ పనివారికి తెలియును. అటువంటి వాయువును ఇంటి వంటగదిలో, అంతకంటె ఇరుకైన కారులో పెట్టుట సాధ్యం కాదు.

1928లో కెటరింగ్ మరల మిడ్గ్లీనే పిలిపించి, విషం కానిది, మండనిది, చల్లబరచగలిగినది అయిన ఒక వాయువును కనిపెట్టవలసినదని కోరినాడు. మిడ్గ్లీ తన సహచరులు ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నేరీలతో కలిసి తిరిగి మూలకాల పట్టిక ముందు కూర్చున్నాడు. తగిన ఉష్ణోగ్రతలో మరగగల సమ్మేళనాలను ఇచ్చే మూలకాలన్నీ పట్టికలో ఒక ప్రక్కకే చేరియుండుటను ఆయన గమనించినాడు. ఒక కొసకు పోయేకొలది మండే గుణం తగ్గుతున్నది, మరొక కొసకు పోయేకొలది విషగుణం తగ్గుతున్నది. ఆ రెండు దారులు కలిసే చోట ఫ్లోరిన్ ఉన్నది. ఫ్లోరిన్ మహా విషమని అందరూ భయపడే రోజులవి. ఆయన భయపడక కార్బన్, క్లోరిన్, ఫ్లోరిన్ మూడూ కలిసిన సమ్మేళనాన్ని ఎన్నుకొన్నాడు. ఆలోచన మొదలైన నాటి నుండి నమూనా తయారగుటకు మూడే దినాలు పట్టినదని ఆయనే తరువాత చెప్పుకొన్నాడు.

అందులోను అదృష్టం కొంత ఉన్నది. ఆ తయారీకి కావలసిన ఆంటిమొని ట్రైఫ్లోరైడ్ అనే లవణం ఆనాడు దొరికినది అయిదు చిన్న సీసాలు మాత్రమే. ఒక సీసా తీసి వాయువును తయారుచేసి గినీపందికి పట్టించినారు. దానికి ఏ హానీ కలుగలేదు. రెండవ సీసాతో తయారుచేసిన వాయువు పీల్చిన జంతువు చచ్చిపోయినది. విచారించగా ఒక్క మొదటి సీసాలోని లవణమే శుద్ధమైనదనీ, మిగిలినవి కల్తీ అగుటచే ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుట్టినదనీ తెలిసినది. మొదట చేతికి వచ్చినది మరొక సీసాయే అయితే, ఫ్లోరిన్ మీది లోకభయం నిజమేననుకొని వారు ఆ దారినే విడిచిపెట్టి ఉండేవారేమో!

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్గ్లీ ఈ వాయువును గుండెల నిండ పీల్చి, మెల్లగా ఊది వెలుగుతున్న క్రొవ్వొత్తిని ఆర్పినాడు. విషం కాదని, మండదని ఒకే ఊపిరితో రుజువైనది. సభ హర్షధ్వానాలతో నిండిపోయినది. ఆ సంవత్సరమే జనరల్ మోటార్స్, డూపాంట్ కంపెనీలు కలిసి దాని తయారీకి ఒక సంస్థను స్థాపించినవి. ఫ్రియాన్ అనే పేరుతో అది దేశదేశాలకు ప్రాకినది. అందులో ప్రధానమైనదే ఆర్-12. మన మేస్త్రీల వాడుకలో ఎంతో కాలం గ్యాస్ అంటే ఇదే.

ఈ వాయువు దొరికిన తరువాతనే కారులో చల్లగాలి సాధ్యమైనది. 1939లో అమెరికాలోని పాకార్డ్ కంపెనీ తన 1940 నమూనా కార్లకు మొదటిసారిగా ఏసీ అమర్చి చూపినది. దాని యంత్రభాగం వెనుక సామాను పెట్టెలో చాలా చోటు ఆక్రమించేది. ఆపవలెనంటే ఇంజను నిలిపి బెల్టు ఊడదీయవలసి వచ్చేది. 1954లో నాష్ కంపెనీ యంత్రభాగాలన్నిటిని ముందువైపునకే తెచ్చినది. మన దేశంలో అంబాసిడర్ వంటి కార్లకు డాష్‌బోర్డు క్రింద విడిగా ఏసీ పెట్టె అమర్చించుకొనుట సంపన్నుల వేడుకగా ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత, కాలక్రమాన ఏసీ కారు మధ్యతరగతి కుటుంబానికి కూడ అందుబాటులోనికి వచ్చినది.

మిడ్గ్లీకి లోకం చేసిన సన్మానాలకు లెక్క లేదు. వందకు పైగా పేటెంట్లు ఆయన పేర ఉన్నవి. 1937లో పెర్కిన్ పతకం, 1941లో ప్రీస్ట్‌లీ పతకం, 1942లో విల్లర్డ్ గిబ్స్ పతకం లభించినవి. 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడైనాడు. కాని శరీరం అప్పటికే చెరలో ఉన్నది. 1940లో, 51వ యేట, పోలియో సోకి ఆయన కాళ్ళు చచ్చుబడినవి. మంచం మీద నుండి లేచుటకు తాళ్ళు, కప్పీలతో ఒక సాధనాన్ని తానే కల్పించుకొన్నాడు. 1944 నవంబరు 2వ తేదీన ఓహియో రాష్ట్రపు వర్తింగ్‌టన్‌లో ఆ తాళ్ళే మెడకు బిగిసి మరణించినాడు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. తన కల్పనయే తన ప్రాణం తీయుట ఎంతటి విషాదం!

అసలు కథ ఆయన మరణానంతరమే మొదలైనదనవచ్చును. భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని నిర్ణయించిన క్లెయిర్ పాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆ లెక్క కోసం సీసాన్ని కొలుస్తూ, తన ప్రయోగశాలలో ప్రతి వస్తువు మీదా సీసం ఉండుటను చూచి విస్తుపోయినాడు. గాలిలో, నీటిలో, మనుషుల ఎముకలలో సీసం పెరుగుటకు పెట్రోలు ముఖ్య కారణమని ఆయన 1965 నుండి పోరాడినాడు. పిల్లల బుద్ధి వికాసాన్ని సీసం కుంటుపరుస్తుందని వైద్యుల పరిశోధనలు నిరూపించినవి. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో సీసం లేని పెట్రోలు ప్రవేశించినది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసపు పెట్రోలు అంతరించినది. ప్రపంచంలో చిట్టచివర దానిని మానినది అల్జీరియా, 2021లో. చమురు వాసన పీలుస్తూ పెరిగిన మల్కాపురం వంటి చోట్ల పిల్లలకు ఈ నిషేధం ఎంతటి మేలో వేరుగా చెప్పనవసరం లేదు.

ఫ్రియాన్ కథ ఇంకను విచిత్రమైనది. ఎవరితోను కలవని దాని సాధుస్వభావమే దాని దోషమైనది. నేల మీద దానిని ఏదియు విరగగొట్టలేదు కనుక అది సుమారు వంద సంవత్సరాలు గాలిలో నిలిచి, మెల్లగా పైపొరలకు చేరుతుంది. అక్కడ సూర్యుని అతినీలలోహిత కిరణాలు తగిలి విరిగి క్లోరిన్‌ను విడుస్తుంది. ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు వేలకొద్దీ ఓజోన్ అణువులను నాశనం చేస్తుంది. మనకు గొడుగువలె ఉన్న ఓజోన్ పొర పలుచబడితే చర్మవ్యాధులు, కంటి శుక్లాలు పెరుగుతాయి, పంటలు దెబ్బతింటాయి. ఈ ప్రమాదాన్ని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు సిద్ధాంతీకరించినారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర దారుణంగా క్షీణించినట్లు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కొలిచి చూపినారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరినది. మోలినా, రోలండ్‌లకు క్రుట్జెన్‌తోపాటు 1995లో నోబెల్ బహుమానం లభించినది.

ఇక్కడ మన తెలుగునాటికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పితీరవలెను. మదురైలో పుట్టి, అణ్ణామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన వీరభద్రన్ రామనాథన్ 1960లలో సికింద్రాబాదులోని ఒక శీతలయంత్రాల కర్మాగారంలో ఉద్యోగం చేసినాడు. యంత్రాల నుండి ఈ వాయువు ఎట్లు తప్పించుకొని పోతున్నదో కనిపెట్టుట ఆయన పని. ఆ యువకుడే అమెరికాకు పోయి 1975లో మరొక సత్యాన్ని బయటపెట్టినాడు. ఈ వాయువు ఓజోన్‌ను చెరచుటయే గాక భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువు కంటె వేలరెట్లు బలమైనదని ఆయన లెక్కగట్టినాడు. సికింద్రాబాదు షెడ్డులో లీకు వెదకిన కన్ను చివరకు ఆకాశంలో దాని జాడను పట్టుకొన్నది. చిన్న పని అని దేనినీ తక్కువగా చూడరాదనుటకు ఇదియే సాక్ష్యం.

భారతదేశం 1992లో మాంట్రియల్ ఒప్పందంలో చేరినది. 2000లో నియమాలు వెలువడినవి. 2010 నాటికి ఆర్-12 తయారీ, వాడకం మన దేశంలో ముగిసినవి. కార్లలో దాని స్థానానికి ఆర్-134ఎ వచ్చినది. దానిలో క్లోరిన్ లేదు కనుక ఓజోన్‌కు హాని లేదు. కాని అదియు భూమిని వేడెక్కించేదే. బరువుకు బరువుగా బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 1,400 రెట్లు. అందుచేత 2016లో కిగాలీ నగరంలో దీనిని కూడ క్రమంగా తగ్గించుటకు దేశాలు ఒప్పుకొన్నవి. 2021లో మన దేశం దానిని ఆమోదించినది.

ఇప్పుడు మన పాత కారు వద్దకు వత్తము. ఏసీ పనిచేసే విధానం కష్టమైనది కాదు. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. ముందున్న కండెన్సరులో అది గాలికి చల్లారి ద్రవమవుతుంది. డ్రయ్యరు దానిలోని తేమను పీల్చుకొంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నని ద్వారం గుండా పోయి, లోపలి కూలింగ్ కాయిల్‌లో మరల ఆవిరి అవుతూ కారులోని వేడిని లాగుకొంటుంది. ఆర్-12 సున్నాకు దిగువ సుమారు 30 డిగ్రీల వద్దను, ఆర్-134ఎ 26 డిగ్రీల వద్దను మరుగుతాయి. ఈ చక్రంలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. పెట్రోలు వలె ఏటేటా పోయవలసిన వస్తువు అంతకంటె కాదు. తగ్గినదంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థం.

ఇదియే మేము ముఖ్యంగా విన్నవించదలచిన సంగతి. లీకు వెదకకుండా ప్రతి వేసవిలోను గ్యాస్ పట్టించుట చిల్లు కుండలో నీరు పోయుటయే. అరకిలో ఆర్-134ఎ గాలిలో కలిస్తే, అది సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత వేడిని వాతావరణానికి తెచ్చిపెడుతుంది. కారు యజమానికి అది కొద్ది వందల రూపాయల ఖర్చు. లోకానికి ఎన్నో ఏండ్ల భారం. కనుక ముందు కీళ్ళ వద్ద సబ్బు నురుగు పెట్టియో, లీకు పట్టే పరికరంతోనో వెదికించాలి. నూనె మరక కనిపించిన చోటు అనుమానించదగినది, ఏలయన గ్యాస్‌తోపాటు కంప్రెసరు నూనె కూడ చెమర్చుతుంది. రబ్బరు వలయాలు మార్పించిన తరువాత, వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లోపలి గాలిని, తేమను లాగివేయాలి. తేమ మిగిలితే వాల్వులో మంచుగా గడ్డకడుతుంది, ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఆపైన కంపెనీ చెప్పిన బరువు మేరకే, తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి.

శీతకాలంలో కూడ వారానికి ఒకసారి పది నిముషాలు ఏసీ నడపడం మంచిది. లేనిచో కంప్రెసరు సీలుకు నూనె అందక ఎండి పగులుతుంది. మల్కాపురం వంటి చోట సముద్రపు ఉప్పుగాలి, పరిశ్రమల ధూళి కండెన్సరు రేకుల మధ్య పేరుకొంటాయి. రేకులు వంగకుండా మెత్తని నీటిధారతో తరచుగా కడుగుతూ ఉండాలి. బెల్టు బిగువు, ఫ్యాను వేగం, లోపలి నీరు కారే గొట్టం శుభ్రత చూచుకోవాలి. ఇన్నింటికి పెద్ద ఖర్చు లేదు, శ్రద్ధ ఒక్కటే కావాలి.

ఆర్-12 కాలం నాటి కారయితే మరికొంత జాగ్రత్త అవసరం. అందులోని ఖనిజ తైలం ఆర్-134ఎతో కలిసి ప్రవహించదు. తగిన నూనెకు మార్చకుండా కొత్త గ్యాస్ ఎక్కిస్తే కంప్రెసరు పట్టివేస్తుంది. డ్రయ్యరు, రబ్బరు వలయాలు కూడ మార్చాలి. పాత రబ్బరు గొట్టాల గుండా చిన్న అణువులు గల కొత్త గ్యాస్ త్వరగా జారిపోతుంది. మిగిలిన పాత గ్యాస్‌ను గాలిలోనికి వదలక యంత్రంతో పట్టి ఉంచాలి. చౌక అని వంటగ్యాస్ వంటి మండే వాయువును ఎక్కించుట మాత్రం ఘోరమైన సాహసం. ప్రయాణికుల ముందరే ఉన్న కాయిల్ లీకయితే ఒక నిప్పురవ్వ చాలును. ఆ ప్రమాదాన్ని తప్పించుటకే గదా మిడ్గ్లీ మండని వాయువును వెదకినది!

మిడ్గ్లీని ఎట్లు తూచవలెను? రెండు కానుకలనూ ఒకే త్రాసులో వేయుట న్యాయం కాదని మా అభిప్రాయం. ఫ్రియాన్ విషయంలో ఆయన చేసినది నాటి జ్ఞానం మేరకు నిర్దోషమైన పని. ఓజోన్ పొర ఎట్లు ఏర్పడుతుందో సిడ్నీ చాప్‌మన్ వివరించినది సరిగా ఆ 1930లోనే. క్లోరిన్ దానిని చెరచునని తెలియుటకు మరి నలుబది ఏండ్లు పట్టినది. ప్రాణాలు తీసే వాయువుల స్థానంలో ప్రాణాలు కాచే వాయువును తెచ్చితిననియే ఆయన నమ్మినాడు, అది నిజం కూడ. సీసం విషయం అట్టిది కాదు. అక్కడ హెచ్చరికలు ఉన్నవి, శవాలు ఉన్నవి, తన ఒంటి మీదనే రుజువు ఉన్నది. తెలియక చేసినదానికి చరిత్ర జాలిపడుతుంది. తెలిసి చేతులు కడుగుకొన్నదానికి లెక్క అడుగుతుంది.

ఆశాజనకమైన మాట కూడ ఒకటి ఉన్నది. మానవజాతి సమష్టిగా సరిదిద్దుకొన్న తప్పులలో ఇదొకటి. మాంట్రియల్ ఒప్పందాన్ని దేశాలన్నీ పాటించినందున, అంటార్కిటికా మీది ఓజోన్ పొర సుమారు 2066 నాటికి 1980 నాటి స్థితికి చేరునని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ పత్రిక చదివే విద్యార్థులలో అనేకులు ఆ దినాన్ని కళ్ళార చూడగలరు. సమావేశ మందిరాలలో చేసిన సంతకాలు మాత్రమే దానిని సాధించలేదు. లీకు సరిచేసిన తరువాతనే గ్యాస్ ఎక్కించిన ప్రతి మేస్త్రీ, అందుకు ఒక పూట ఓపిక పట్టిన ప్రతి యజమాని అందులో పాలుపంచుకొన్నవారే. మనలో రేపు ఇంజనీర్లు కాబోయేవారు, మేస్త్రీలు కాబోయేవారు, ఒక పాత కారు కొనుక్కొని తల్లిదండ్రులను చల్లగా ఊరికి తీసుకొనిపోదామని ఆశపడేవారు ఉన్నారు. వారందరూ తాము తయారుచేసిన వస్తువు, తాము వదలిన వాయువు తుదకు ఎక్కడికి చేరునో ఒక్కమారు విచారించు అలవాటును ఇప్పటి నుండే చేసుకొందురు గాక.